రెండు బొట్ల లెక్క

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా అమ్మ అనేది. జహీరాబాద్‌కు బదిలీ అయి వచ్చిన రెండో ఏడు, డెబ్బై నాలుగు జూన్‌లో, ఆ కోపానికి చేతినిండా పని దొరికింది. కారణం కొత్త గణితం.

దానికోసం సంగారెడ్డిలో మాకు మూడు రోజుల శిక్షణ ఇచ్చారు. మొదటి రోజు చాయ్ రావడం ఆలస్యమైంది. రెండో రోజు బోర్డు మీద గుండ్రాలు గీశారు. మూడో రోజు అందరినీ నిలబెట్టి ఫోటో తీశారు. మొత్తం మీద నాకు అర్థమైంది ఇంతే: పిల్లలు అర్థం తెలియకుండా ఎక్కాలు వల్లించకూడదు, ముందు వస్తువులను గుంపులుగా చూడాలి, ఒక్కో గుంపును ఒక్కో గుండ్రంలో పెట్టాలి, ఆ గుంపును సమితి అనాలి. మా హెడ్మాస్టరు రామ్‌కిషన్ సారు ఇదంతా విని, "సమితి అంటే మనకు జీతాలిచ్చే పంచాయితీ సమితి ఒక్కటే నాకు ఎరుక బాలమణీ. గీ కొత్తది నువ్వే చూస్కో" అని పుస్తకాలన్నీ నా బల్ల మీద పెట్టి చేతులు దులుపుకున్నాడు.

ఆయన బాధ నాకు తెలుసు. అంతవరకూ మా బడిలో రోజూ పదకొండు కొట్టగానే మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలు వరండాలో బారుగా నిలబడి ఎక్కాలు చెప్పేవారు. రామ్‌కిషన్ సారు ఒక వరుస అందుకుంటే అరవై గొంతులు దాన్ని తిరిగి చెప్పేవి. రెండో ఎక్కంతో మొదలై ఇరవయ్యో ఎక్కంతో ముగిసేసరికి ముప్పావుగంట పట్టేది. గల్లీ చివర సైకిల్ దుకాణం దాకా వినిపించేది. ఆ ముప్పావుగంటా సారు ముఖం వెలిగిపోయేది.

నేను చేసిన మొదటి పని ఆ ఎక్కాలను ఆపేయడం. ఆపమని పుస్తకంలో ఉందా అంటే లేదు. కొత్తగా మతం పుచ్చుకున్నవాళ్ళకు నామాలెక్కువ అంటారు కదా, అదే నా సంగతి. పదకొండు గంటలకు పిల్లలను నేల మీద కూర్చోబెట్టి, చింతగింజలు ఒక గుండ్రంలో, గవ్వలు ఒక గుండ్రంలో పెట్టించేదాన్ని. బడి నిశ్శబ్దంగా ఉండేది. ఆ నిశ్శబ్దం చూసి నేను మురిసిపోయాను.

నాలుగో రోజు ఎదురింటి గురులింగప్ప వచ్చాడు.

ఆయనది అల్లం, పసుపు వ్యాపారం. అరవై దాటినా నడుము వంగలేదు, మాట అసలే వంగదు. చిన్నప్పుడు బీదర్ దిక్కున కన్నడ బడిలో చదివాడు. ముప్పయ్యో ఎక్కం దాకా వచ్చు. పావు, అర, ముప్పావు ఎక్కాలు కూడా వచ్చు. పదిహేను ముప్పావులు ఎంత అంటే మనం నోరు తెరిచేలోపే పదకొండుంపావు అనేస్తాడు. ఆయన మనవరాలు భాగీరథి మా ఐదో తరగతి.

"పంతులమ్మా, బడి నడుస్తున్నదా, బంద్ అయిందా?" అన్నాడు గేటు దగ్గర్నుంచే.

"నడుస్తున్నది సేటూ. ఎందుకట్ల అడుగుతున్నరు?"

"మూడు దినాల సంది మా ఇంట్ల యాళ్లకు రొట్టె లేదు."

బడికీ రొట్టెకూ ఏం సంబంధమో నాకు అంతుపట్టలేదు. రామ్‌కిషన్ సారే విప్పి చెప్పాడు, అదీ కొంచెం సంబరంగా. గురులింగప్ప భార్య శరణమ్మ వంట మా ఎక్కాలతో నడుస్తుందట. రెండో ఎక్కం వినిపించగానే పొయ్యి అంటిస్తుంది. ఆరో ఎక్కానికి వంకాయ తాళింపులో పడుతుంది. పన్నెండో ఎక్కానికి జొన్నపిండిలో వేడినీళ్ళు. పదహారో ఎక్కానికి మొదటి రొట్టె పెనం మీద. "ఇరవై పదులు రెండు వందలు" అని పిల్లలు ముగించేసరికి గురులింగప్ప చెప్పులు గడప బయట ఉంటాయి. పక్కింటి రత్నమ్మ అయితే తొమ్మిదో ఎక్కానికి ఉతికిన బట్టలు ఆరేస్తుందట. నేను ఆ గడియారాన్ని ఆపేశాను.

"ఇది బడి సేటూ, వంటింటి గడియారం కాదు" అన్నాను. అనకుండా ఉండాల్సింది. "ఇప్పుడు గణితం మారింది. పిల్లలు గుంపులు చూసి లెక్క నేర్చుకుంటరు."

"గుంపులా? ఈ గల్లీల గుంపుల సంగతి నాకు చెప్తవా? నా మనుమని తొట్టెలకు ముప్పై ఒక్క ఇస్తర్లు మిగిలినయ్!" అన్నాడు. కోపం వస్తే ఆయనకు 'మీరు' పోయి 'నువ్వు' వచ్చేది.

ఆ ముప్పై ఒక్క విస్తర్ల కథ జహీరాబాద్‌లో తెలియనివాళ్ళు లేరు. రెండేళ్ళ కిందట భాగీరథి తమ్ముణ్ణి తొట్టెలలో వేసిన రోజు గురులింగప్ప ఘనంగా విందు పెట్టాడు. శరణమ్మ చుట్టాల ఇళ్ళకు పోయి బొట్టు పెట్టి పిలిచి వచ్చింది: అరవై ఎనిమిది మంది. కోడలు గల్లీలో ఇల్లిల్లూ తిరిగి బొట్టు పెట్టి పిలిచి వచ్చింది: యాభై నాలుగు మంది. గురులింగప్ప రెండూ కూడి నూట ఇరవై రెండు విస్తర్లు కుట్టించాడు. మనిషికి మూడు చొప్పున పోలెలు, అదే బొబ్బట్లు, చేయించాడు. తీరా పంక్తులు లేచాక చూస్తే ముప్పై ఒక్క విస్తర్లు మిగిలాయి. మిగిలిన పోలెలు ఇంటిల్లిపాదీ ఐదు రోజులు తిన్నారు, ఆరో రోజు బర్రె తిన్నది.

గురులింగప్ప మాత్రం ఆ అవమానాన్ని దిగమింగలేకపోయాడు. విందు రోజు పొద్దున న్యాల్‌కల్ నుంచి వచ్చిన చిన్నాన్న కొడుకు రేవణసిద్ధప్పతో ఆయనకు ఏదో చిన్న మాట పట్టింపు వచ్చింది. ముప్పై ఒక్కమందిని రాకుండా చేసింది రేవణసిద్ధప్పే అని తేల్చేసుకున్నాడు. అప్పటినుంచి అన్నదమ్ముల మధ్య మాటల్లేవు, రాకపోకల్లేవు. మిగిలిన మోదుగాకు విస్తర్లను దారం కట్టి ముందు గదిలో మేకుకు వేలాడదీశాడు. వచ్చినవాళ్ళందరికీ చూపించి, మనుషులు ఎట్లాంటివాళ్ళో చెప్పేవాడు.

ఆ రోజు ఇంటికి పోయిన గురులింగప్ప మనవరాలిని పిలిచి, "పద్నాలుగు ఏడులు ఎంత బిడ్డా?" అని అడిగాడు. నేను ఎంత బాగా నేర్పానంటే, భాగీరథి సుద్దముక్క తీసుకుని నున్నగా అలికిన నేల మీద పద్నాలుగు గుండ్రాలు గీసి, ఒక్కో గుండ్రంలో ఏడేసి చుక్కలు పెట్టడం మొదలుపెట్టింది. తొమ్మిదో గుండ్రానికి సుద్ద అయిపోయింది.

"గిరాకి చిరాగ్‌పల్లి పోయి అల్లం కొనుక్కోని మళ్ల ఇంటికి చేరుతడు, నువ్వు ఇంక చుక్కలే పెడ్తుంటవ్" అన్నాడట తాత. "ఈ చదువు చాలు. సోమారం సంది బడి బంద్."

మర్నాడు భాగీరథి ఈ మాట చెబుతూ ఏడవలేదు. పలకను గట్టిగా పట్టుకుని, "తాత చెప్పిండంటే చెప్పిండే టీచర్" అన్నది. ఆ ఇంట్లో తండ్రికి మాట లేదు, ఉన్న మాటంతా తాతదే. ఐదో తరగతిలో ముగ్గురే ఆడపిల్లలు. వాళ్ళలో, ఆ మాటకొస్తే బడి మొత్తంలో, ఏం చెప్పినా "ఎందుకు?" అని అడిగేది ఈ పిల్ల ఒక్కతే. ఆ అమ్మాయి మీద నాకు చాలా ఆశ ఉండేది. నా గుండ్రాల వల్లే దాని చదువు ఆగిపోబోతోంది.

సాయంత్రం బడి వదలగానే ఎదురింటికి పోయాను. గురులింగప్ప అరుగు మీద అల్లం కొమ్ములు ఏరుతున్నాడు. మర్యాదగా మాట్లాడాలనే పోయాను. రెండు నిమిషాలు మాట్లాడాను కూడా.

"ఎక్కాలతోని కాని లెక్క దునియాల లేదు పంతులమ్మా" అన్నాడు.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనే మనిషి ఎదురుపడితే నాకు ఒళ్ళు మండుతుంది. "ఉన్నది" అన్నాను.

"ఉన్నదా? అయితే ఆదివారం గల్లీ అందరి ముంగట చూపించు. ఎక్కంతోని కాకుండ, నీ గుండ్రాలతోనే అయ్యే లెక్క ఒక్కటంటే ఒక్కటి. చూపిస్తే పిల్ల బడికి వస్తది. లేదంటే ఇంట్ల ఉంటది."

"అట్లనే" అని విసురుగా వచ్చేశాను. గల్లీ దాటాక గానీ నాకు చెమటలు పట్టలేదు. అలాంటి లెక్క నాకు ఒక్కటీ తెలియదు.

శనివారమంతా కొత్త పుస్తకం తిరగేశాను. అందులో రెండు గుండ్రాలు ఒకదాని మీద ఒకటి ఎక్కిన బొమ్మ ఉంది. సంగారెడ్డిలో ఆ పేజీ దగ్గరే ఫోటోకు పిలిచారు. ఎర్రవి కొన్ని, గుండ్రటివి కొన్ని, ఎర్రగానూ గుండ్రంగానూ ఉన్నవి కొన్ని అని రాసి ఉంది. అర్థమైంది గానీ దానితో గురులింగప్పను గెలవగలనన్న నమ్మకం కలగలేదు. రామ్‌కిషన్ సారును అడిగితే, "ఫికర్ చెయ్యకు. ఓడిపోతే ఎక్కాలు మళ్ల పెట్టుకుందాం" అని తన ధైర్యం తాను చెప్పుకున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం బడి ముందు జాగాలో గల్లీవాళ్ళు, గురులింగప్ప చుట్టాలు చేరారు. తల్లిదండ్రులకు కొత్త లెక్క చెబుతానని నేను అన్న మాట, పంతులమ్మకూ సేటుకూ సవాల్ అని ఊళ్ళోకి పోయింది. శరణమ్మ వరండా మెట్టు మీద, ఆమె పక్కన భాగీరథి కూర్చున్నారు. రామ్‌కిషన్ సారు గేటుకు ఆనుకుని నిలబడ్డాడు.

చింతగింజలతో మొదలుపెట్టాను. కొన్నింటికి సున్నం పూసి, కొన్నింటిని రెండుగా పగలగొట్టి తెచ్చాను. సున్నం పూసినవి ఒక గుండ్రం, పగలగొట్టినవి ఒక గుండ్రం అన్నాను.

"చింతగింజకు సున్నం ఎందుకు పూస్తరు?" అన్నాడొకాయన.

"పగలగొట్టినంక అది గింజ ఎట్లయితది, పప్పయితది గదా" అన్నది రత్నమ్మ.

గురులింగప్ప చిరునవ్వు నవ్వాడు. "చింతగింజలు పిల్లల ఆట పంతులమ్మా. లెక్క అంటే మనుషులకు అక్కెరకొచ్చేది. జర మనుషులను పెట్టి చూపించున్రి."

గెలుస్తున్నాడు కాబట్టి 'మీరు' తిరిగి వచ్చింది. అది చూసి నాకు కోపం నషాళానికి అంటింది. ఆ కోపమే ఆ రోజు నన్ను కాపాడింది.

"మనుషులనే పెడతా" అని ముగ్గుపిండి తీసుకుని నేల మీద రెండు పెద్ద గుండ్రాలు దూరదూరంగా గీశాను. "సేటుగారి చుట్టాలంతా ఈ గుండ్రంల నిలబడున్రి."

చుట్టాలు నిలబడ్డారు. శరణమ్మ మెట్టు మీద నుంచి, "మరి నేను చుట్టాన్నా?" అని అడిగితే అందరూ నవ్వారు. ఆమెను, మనవరాలిని, సేటును, మా పంతుళ్ళిద్దరినీ లెక్కలోంచి తీసేశాం.

"లెక్కపెట్టున్రి సేటూ."

"తొమ్మిది."

"ఇప్పుడు అందరు బయటకు రాండ్రి. ఈ గల్లీల ఉండేటోళ్ళు రెండో గుండ్రంలకు పోండ్రి."

గురులింగప్ప లెక్కపెట్టాడు. "పన్నెండు."

"మొత్తం ఎందరు?"

"తొమ్మిది, పన్నెండు, ఇరవై ఒకటి. దీనికి గుండ్రాలెందుకు?"

"ఇప్పుడు అందరి తలలు లెక్కపెట్టున్రి."

ఆయన వేలు చూపిస్తూ లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు. ముఖం చిట్లించాడు. "పదహారే ఉన్నరు. ఐదుగురు ఇండ్లకు పోయిన్రు."

"నేను గేటుకు ఆనుకొనే ఉన్న. చీమ గూడ పోలే" అన్నాడు రామ్‌కిషన్ సారు.

"అయితే గోడ దునికి పోయిన్రు. ఈ గల్లీ మనుషులు గట్లాంటోళ్ళే. నా మనుమని తొట్టెలకు గూడ..."

"ఎవ్వరు పోలే బావా!" రత్నమ్మ విసుక్కుంది. ఆమె భర్త గురులింగప్పకు వరసకు తమ్ముడు. "నేను నీకు చుట్టాన్నే, ఈ గల్లీదాన్నే. మొదలు ఆ గుండ్రంల నిలబడ్డ, మళ్ల ఈ గుండ్రంల నిలబడ్డ. రెండుసార్లు లెక్కపెట్టినవ్ నన్ను. ఎండల ఇంకెన్నిసార్లు తిరగాలె?"

పుస్తకంలోని బొమ్మ నా కళ్ళ ముందుకు అప్పుడొచ్చింది. గబగబా కాలితో గీతలు చెరిపి, రెండు గుండ్రాలు ఒకదాని మీదికొకటి ఎక్కేలా మళ్ళీ గీశాను. రత్నమ్మతో పాటు ఇంకో నలుగురిని, అటు చుట్టాలూ ఇటు గల్లీవాళ్ళూ అయినవాళ్ళను, నడిమి భాగంలో నిలబెట్టాను. చుట్టాలు మాత్రమే అయినవాళ్ళు ఒక పక్క నలుగురు. గల్లీవాళ్ళు మాత్రమే అయినవాళ్ళు ఒక పక్క ఏడుగురు. నడుమ ఐదుగురు. నాలుగు, ఐదు, ఏడు, పదహారు.

ఆ సంబరంలో నేను ఇంకేదో చెప్పబోతుంటే శరణమ్మ మెట్టు మీద నుంచి లేచి నిలబడింది. ఆమె చూపు రత్నమ్మ మీద ఉంది.

"రత్నమ్మా, తొట్టెలకు నీకు బొట్టు ఎవరు పెట్టిన్రే?"

"నువ్వే పెట్టినవ్ గదక్కా."

"కోడలు?"

"కోడలు తెల్లారొచ్చి మళ్ల పెట్టింది. అత్త పెట్టిపోయింది బిడ్డా అంటే, ఇది గల్లీ పిలుపు, వద్దనొద్దు అన్నది. బొట్టు వద్దంటరా ఎవరన్న? పెట్టిచ్చుకున్న."

గుంపులోంచి ఇంకో గొంతు లేచింది. "మా ఇంట్ల గూడ రెండుసార్లు పెట్టిన్రు." ఇంకోటి. "మాకు గూడ."

భాగీరథి నా చేతిలోంచి సుద్దముక్క లాక్కున్నంత పని చేసి, వరండా గోడకున్న నల్లబల్ల మీద రెండు గుండ్రాలు గీసింది. ఒకదాని మీద అరవై ఎనిమిది, ఇంకోదాని మీద యాభై నాలుగు అని వేసింది. రెండు బొట్లు పడిన ఇళ్ళను అవ్వ ఒక్కొక్కటే తలుచుకుని చెబుతుంటే, ఇంటికి ఎందరో నడుమ రాసుకుంటూ పోయింది. రత్నమ్మ ఇంట్లో ఐదుగురు. ఆ పక్కింట్లో నలుగురు. మూలమీది ఇంట్లో ఆరుగురు. తర్వాత ముగ్గురు, ఐదుగురు, నలుగురు, నలుగురు. ఏడు ఇళ్ళు.

కింద గీత గీసి కూడింది. ముప్పై ఒకటి.

అక్కడున్న ఎవరికీ ఆ అంకెను వివరించాల్సిన పని లేదు. రెండేళ్ళుగా అది మేకుకు వేలాడుతోంది.

"తాతా, ఎవ్వరు మానలే" అన్నది భాగీరథి. "పిలిచినోళ్ళందరు వచ్చిన్రు."

గురులింగప్ప ఆ ఏడు అంకెలనూ తానూ ఒకసారి కూడి చూశాడు. "ముప్పై ఒకటి మూళ్ళు తొంభై మూడు" అన్నాడు మెల్లగా. అవి మిగిలిన పోలెలు. తర్వాత గేటు తీసుకుని వెళ్ళిపోయాడు. పిల్ల సంగతి ఒక్క ముక్క చెప్పలేదు. గెలిచానో, ముసలాయన పరువు తీసి ఉన్నది కూడా పోగొట్టుకున్నానో నాకు తెలియలేదు.

అందరూ వెళ్ళేటప్పుడు శరణమ్మ నా దగ్గరికి వచ్చింది. "నీ గుండ్రాలు మంచిగనే ఉన్నయి పంతులమ్మా. కని నా రొట్టె సంగతేంది?" వెనకాల రత్నమ్మ, ఇంకా నలుగురైదుగురు ఆడవాళ్ళు తలలూపుతూ నిలబడ్డారు. ఎక్కాలు ఆపమని ఏ పుస్తకమూ చెప్పలేదని, అది నా అతి అని అప్పుడు ఒప్పుకున్నాను. ఆ మాట అనడానికి నాకు గురులింగప్పతో పోట్లాడినంత కష్టమైంది. రామ్‌కిషన్ సారు సిగ్గులేకుండా చప్పట్లు కొట్టాడు.

సోమవారం పదకొండింటికి ఎక్కాలు మొదలయ్యాయి. వారం రోజులు ఖాళీగా ఉన్న గొంతుతో సారు చెలరేగిపోయాడు. నేను మాత్రం వరుసలో భాగీరథి నిలబడే చోటు చూస్తూ ఉన్నాను. ఆ చోటు ఖాళీగా ఉంది. పదహారో ఎక్కానికి ఎదురింట్లోంచి రొట్టె కాలిన వాసన వచ్చింది గానీ పిల్ల రాలేదు.

మధ్యాహ్నం వదలగానే ఆ ఇంటికి పోయాను. ముందు గదిలో మేకు ఉంది, విస్తర్ల కట్ట లేదు.

"పొద్దుగాల్ల మొదటి బస్సుకే న్యాల్‌కల్ పోయిన్రు" అన్నది శరణమ్మ. "ఆయన, పిల్ల. ఇస్తర్లు గూడ పట్కపోయిండు."

"మరి భాగీరథి చదువు?"

"నాకు చెప్తడా? ఎంగిలివడకుండ, చాయ్ గూడ తాగకుండ పోయిండు."

ఆ రోజంతా నేను పిల్లలను అనవసరంగా కసురుకున్నాను.

మంగళవారం పద్నాలుగో ఎక్కం నడుస్తుండగా గేటు చప్పుడైంది. భాగీరథి ఒక చేతిలో పలక, ఇంకో చేతిలో గుడ్డమూటతో వచ్చి, నన్ను దాటి వరుసలో తన చోట నిలబడి "పద్నాలుగు ఏడులు తొంభై ఎనిమిది" అని గట్టిగా అందుకుంది. నా కళ్ళు తడిశాయి. సుద్దపొడి పడిందని పక్కనున్న పిల్లకు అబద్ధం చెప్పాను.

మూటలో పోలెలు ఉన్నాయి. రేవణసిద్ధప్ప భార్య పంపింది. ఎక్కాలు అయ్యాక భాగీరథి అంతా చెప్పింది. తాత పోయి తమ్ముడి గడపలో నిలబడి, "లెక్క తప్పింది నాదేరా" అన్నాడట. రేవణసిద్ధప్ప ఏడ్చాడట, ఆ తర్వాత తిట్టాడట, ఆ తర్వాత పోలెలు చేయించాడట. ఆ ముప్పై ఒక్క ఎండు విస్తర్ల మీద నీళ్ళు చల్లి, వాకిట్లో పంక్తి వేసి, చుట్టుపక్కలవాళ్ళను పిలిచి వాటిలోనే వడ్డించారట.

"మరి తాత నీ బడి గురించి ఏమన్నడు?"

"గుండ్రం ముప్పై ఒకటి చెప్పింది గని, తొంభై మూడు చెప్పింది మాత్రం నా ఎక్కమే అన్నడు. రెండు నేర్సుకొమ్మన్నడు." తర్వాత జాకెట్టు జేబులోంచి ఒక కాగితం తీసింది. దాని మీద గురులింగప్ప వంకరటింకరగా గీసిన గుండ్రాలు ఉన్నాయి. రెండు కాదు, మూడు. "దీపావళి అయినంక తాత మళ్ల దావత్ ఇస్తడట. చుట్టాలను, గల్లీవాళ్ళను, బజార్ల దోస్తులను గూడ పిలుస్తడట. మూడు గుంపులైతే, మూడు బొట్లు పడ్డోళ్ళు గూడ ఉంటే, లెక్క ఎట్ల అని మిమ్ములను అడగమన్నడు. అది వచ్చేదాంక బడి మానొద్దన్నడు టీచర్."

నేను కాగితం వంక చూశాను. సంగారెడ్డిలో రెండు గుండ్రాల దగ్గరే ఫోటో తీశారు. మూడు గుండ్రాల సంగతి నాకే తెలియదు. మామూలుగా అయితే సిగ్గుతో కోపం వచ్చేది. ఆ రోజు మాత్రం ఒక ఉపాయం తోచింది.

"అది పెద్ద లెక్క. ఆరో తరగతిల చెప్తరు అని తాతకు చెప్పు" అన్నాను.

నిజానికి పెద్ద బడి లెక్కల సారును అడిగి పది రోజుల్లో నేను దాన్ని నేర్చుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. దీపావళి తర్వాత గురులింగప్ప విందు ఇచ్చాడు. రేవణసిద్ధప్ప దగ్గరుండి వడ్డించాడు. మూడు గుంపులూ వచ్చాయి, ఒక్క విస్తరి తగ్గలేదు, ఒక్కటీ మిగలలేదు. ఎలా కుదిరిందని నేను ఆలోచించలేదు. పోలెలు బాగున్నాయి, తినడంలో పడిపోయాను.

భాగీరథి ఆరుకు పోయింది. గల్లీలో కనిపించినప్పుడల్లా గురులింగప్ప, "పంతులమ్మా, మూడో గుండ్రం లెక్క అయిందా?" అని అడిగేవాడు. "ఏడో తరగతిల చెప్తరట సేటూ" అనేదాన్ని. ఆ తర్వాత ఎనిమిది అన్నాను. ఆ తర్వాత, పుస్తకం మళ్ళీ మారిందట, తొమ్మిది అన్నాను. ఆయన తలూపి పోయేవాడు. ఆ అమాయకత్వం చూసి నాకు ఒక పక్క జాలి, ఒక పక్క నా తెలివికి గర్వం.

ఎనభైలో భాగీరథి పదో తరగతి ఫస్ట్ క్లాసులో పాసైంది. గురులింగప్ప స్వయంగా పోలెలు పట్టుకుని బడికి వచ్చాడు. అప్పటికి చేతికర్ర వచ్చింది, నడుము మాత్రం అలాగే ఉంది.

"పంతులమ్మా, మూడో గుండ్రం లెక్క అయిందా?"

"ఇంకొంచెం ఉన్నది సేటూ" అన్నాను.

ఆయన బెంచీ మీద కూర్చుని, అంగీ జేబులోంచి ఒక చిన్న సంచి తీసి నా బల్ల మీద కుమ్మరించాడు. చింతగింజలు. కొన్నింటికి సున్నం పూసి ఉంది, కొన్ని రెండుగా పగిలి ఉన్నాయి, కొన్నింటికి పసుపు రాసి ఉంది. అరిగి నున్నగా అయ్యాయి.

"నేను దాన్ని ఆ వారంలనే చేసిన" అన్నాడు. "దావత్‌ల ఒక్క ఇస్తరి మిగలలే, సూడలేదా మీరు? ఏడాదికో తరగతి పెంచుకుంట పోతుంటే, ఎక్కడి దాంక పోతరో సూద్దామని ఊకున్న."

ఆరేళ్ళుగా ఆయన్ని నేను ఆడిస్తున్నాననుకున్నాను.

"మరి చెప్పున్రి" అన్నాడు గింజలు సంచిలోకి ఎత్తుకుంటూ. "ఇగ ఏడ చెప్తరట?"

"ఇంటర్‌ల" అన్నాను.

"గంతే గదా" అని లేచాడు గురులింగప్ప. "అయితే చేర్పియ్యాలె మరి."